కొంచెం నీళ్ల జలపాతం

హిందుస్తాన్‌లో బాబరుకి నచ్చని విషయాలు చాలా ఉన్నాయి. 1526లో పానిపట్టు గెలిచి ఆగ్రా చేరాక, తన ఆత్మకథ బాబర్‌నామాలో వాటిని ఏకరువు పెట్టాడు. మంచి ద్రాక్ష లేదు, ఖర్బూజా లేదు, మంచుగడ్డ లేదు, చల్లటి నీళ్లు లేవు, బజార్లో మంచి రొట్టె దొరకదు. వీటితోపాటు ఈ దేశపు పెద్ద లోపాల్లో ఒకటిగా ఆయన చెప్పుకున్నది, తోటల్లోనూ ఇళ్లలోనూ పారే నీళ్లు లేకపోవడం. కాబూల్లో కొండవాగుల పక్కన తోటలు వేసుకున్న మనిషికి యమున ఒడ్డున పరిచినట్టున్న చదును నేల చూస్తే దిగులు పుట్టింది. తోటకి స్థలం కోసం నది దాటి వెతికి, ఆ నేలని చూసి రోసిపోయి, ఇంకో దారి లేక అక్కడే మొదలుపెట్టాడు. మొదట తవ్వించింది ఒక పెద్ద బావి.

ఆగ్రా వైపు జనం బావిలోంచి నీళ్లు ఎలా తోడతారో కూడా ఆయన రాశాడు. పెద్ద బొక్కెనకి తాడు కట్టి, ఆ తాడుని గిలక మీదుగా తెచ్చి ఎడ్లకి కడతారు. ఒకడు ఎడ్లని తోలతాడు, ఒకడు బొక్కెన వంచుతాడు. ఎడ్లు వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఆ తాడు పేడలోనూ ఉచ్చలోనూ ఈడ్చుకుంటూ వచ్చి మళ్లీ బావిలోకే దిగుతుంది. ఎంత శ్రమ, ఎంత మురికి అని బాబరు ముక్కు మూసుకున్నాడు. అది చదివినప్పుడు తెలుగువాళ్లకి అనువాదం అక్కర్లేదు. అది మన మోట.

పెరటి కొలనుకి చిన్న జలపాతం పెట్టడం గురించి రాయబోతూ బాబరుని ఎందుకు పిలిచానో చెప్పాలి. మా ఇంటి వెనక రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతున్న కొలను ఉంది. అంటే వెయ్యి లీటర్లు. అందులో కొన్ని చేపలు, రెండు కలువ దుంపలు. వేసవి తెల్లవారుజాముల్లో చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువుని తక్కువ పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లీటరులో దాదాపు 9 మిల్లీగ్రాములు ఇమిడితే 35 దగ్గర 7 మాత్రమే. పైగా రాత్రంతా మొక్కలు కూడా ఆ గాలినే పీలుస్తాయి కాబట్టి తెల్లారేసరికి కొరత ముదురుతుంది. నీళ్లని కొంచెం ఎత్తు నుంచి పడేస్తే గాలి కలుస్తుంది, చేపలకి ఊపిరాడుతుంది. అందుకని చిన్న జలపాతం పెడదామన్నాను. మా అమ్మ ఒకే మాట అంది: "వీధివీధంతా ట్యాంకరు కోసం ఎదురుచూస్తుంటే మనింట్లో జలపాతమేంట్రా?"

ఆ ప్రశ్నకి జవాబు పంపుల షాపులో దొరకదని అర్థమయ్యాక పుస్తకాల్లో వెతికాను. ఇంతకు ముందు ఇళ్లలో, తోటల్లో జలపాతాలు కట్టుకున్నవాళ్లు ఎన్ని నీళ్లతో కట్టుకున్నారు? ఆ నీళ్లని పైకి ఎవరు ఎత్తారు? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని వెనక్కి వెళితే తోటల చరిత్ర నాకు కొత్తగా కనిపించింది.

ఎత్తినవాడికే తెలుసు

ముందు చిన్న లెక్క. మీటరు ఎత్తు నుంచి గంటకి 3,000 లీటర్లు పడే జలపాతం కావాలనుకోండి. అంటే సెకనుకి 0.83 లీటర్లు. అన్ని నీళ్లని మీటరు ఎత్తుకి చేర్చడానికి సిద్ధాంతరీత్యా కావలసిన శక్తి 8 వాట్లు. ఎల్‌ఈడీ బల్బు కన్నా తక్కువ. నిజానికి చిన్న పంపులు మోటారులోనూ గొట్టంలోనూ చాలా శక్తి వృథా చేస్తాయి కాబట్టి కరెంటు మీటరు మీద 40 వాట్లో 50 వాట్లో పడుతుంది. అయినా ఫ్యాను కన్నా ఎక్కువేం కాదు.

అదే పనిని ఒంటితో చేయాలంటే? పనివాడైన మనిషి గంటల తరబడి ఆగకుండా ఇవ్వగలిగింది సుమారు 75 వాట్లు. ఎద్దు అందుకు నాలుగైదు రెట్లు. లెక్క ప్రకారం మనిషి ఒక్కడే మన పెరటి జలపాతాన్ని పగలంతా నడపగలడు. కానీ మీటరు ఎత్తు జలపాతం చూడటానికి ఏ రాజూ తోటకి రాడు. పది మీటర్ల ఎత్తు, దానికి వంద రెట్ల నీళ్లు అనేసరికి ఈ ఎనిమిది వాట్లు కాస్తా ఎనిమిది వేలవుతాయి. అప్పుడు ఎడ్ల మందలు కావాలి, లేకపోతే నదినే మళ్లించాలి.

మన భాషలో నీళ్లు పైకి ఎత్తడానికి ఎన్ని మాటలున్నాయో చూడండి. గూడ వేస్తారు, ఏతం తొక్కుతారు, మోట తోలతారు, కపిల కడతారు. ప్రతి మాట వెనకా ఒక్కో ఒళ్లు నొప్పి ఉంది. మా తాతయ్య మోట తోలేవాడు. ఎడ్లు వాలులో కిందికి దిగేటప్పుడు తన బరువు కూడా కలవాలని తాడు మీద కూర్చునేవాడట. ట్యాంకరు గురించి మా అమ్మ అడిగిన మాటలో ఆ బావిగట్టు కూడా ఉందని నేననుకుంటాను. ఏతం పాటలు అంత పొడుగ్గా ఉండటానికి కారణం పని అంత పొడుగ్గా ఉండటమే.

గోల్కొండ కోట ఎక్కినవాళ్లు గోడల్లో మట్టి గొట్టాల ముక్కలు చూసే ఉంటారు. కింద నుంచి అంచెలంచెలుగా చక్రాలతో నీళ్లు పైకి తోడి, ఒక్కో అంచెలో తొట్టి నింపి, అక్కణ్ణించి ఇంకో అంచెకి ఎత్తేవారు. గైడ్లు చప్పట్ల ప్రతిధ్వని గురించి చెప్పినంత ఇష్టంగా ఈ తొట్ల గురించి చెప్పరు.

బాబరు మోటని చూసి రోసిపోయాడన్నాను కదా. ఆయన మునిమనవడి కొడుకు షాజహాన్ తాజ్‌మహల్ కట్టించినప్పుడు, ఆ తోట కాలువలకి, చిమ్మెనగొట్టాలకి నీళ్లు ఎక్కించింది ఎడ్లు లాగే ఆ తోలుబొక్కెనలే. యమున నీళ్లని ఒకదాని తర్వాత ఒకటిగా ఎత్తైన తొట్లలోకి తోడిపోశారు. అక్కణ్ణించి గొట్టాల్లో అవి పాలరాతి ముందుకు వచ్చాయి. ముత్తాత తండ్రి ఏ పేడ తాడు చూసి ముక్కు మూసుకున్నాడో, అదే తాడు లోకంలో అతి శుభ్రంగా కనిపించే కట్టడం వెనక నూరింది.

కొండ చేసే పని

కశ్మీరులో ఈ తిప్పలు లేవు. జహంగీరు 1619లో మొదలుపెట్టించిన శ్రీనగర్ షాలిమార్ తోటకి కొండ వైపు నుంచి వాగు వస్తుంది. వాగుని తోట మధ్యగా నడిపి, నేలని మెట్లు మెట్లుగా చెక్కి, మెట్టు మెట్టుకీ నీళ్లని దూకించి, చివరికి దాల్ సరస్సులో వదిలేశారు. దగ్గర్లోనే నూర్జహాన్ అన్న ఆసఫ్ ఖాన్ వేయించిన నిషాత్ బాగ్ ఉంది. దానికి పన్నెండు అంతస్తులు. షాజహాన్ ఆ తోటని చూసి ఈర్ష్యపడి దానికి వచ్చే నీళ్లు ఆపించాడనీ, ఎండిన తోటలో దిగులుగా పడుకున్న యజమాని కోసం ఒక సేవకుడు ప్రాణాలకి తెగించి రాత్రికి రాత్రి కాలువ తిప్పాడనీ ఒక కథ చెబుతారు. అది జరిగిందో లేదో గానీ కథలో ఒక నిజం ఉంది. కొండ చేసే పని ఉచితమే, కానీ తూము ఎవరి చేతిలో ఉందన్నది ఎప్పుడూ ఉచితం కాదు.

ఈ తోటల్లో నన్ను ఆపేసినది చాదర్ అనే చిన్న ఏర్పాటు. చాదర్ అంటే దుప్పటి, పైకప్పుకునే బట్ట. ఒక అంతస్తు నుంచి కింది అంతస్తుకి నీళ్లు నిటారుగా దూకవు. ఏటవాలుగా పెట్టిన రాతిపలక మీదుగా జారతాయి. ఆ పలక మీద చేప పొలుసుల్లాగానో, వంకర గీతల్లాగానో చెక్కడాలుంటాయి. పలచటి నీటిపొర ఆ చెక్కడాలకి తగిలి చిట్లుతుంది, గాలి కలిసి తెల్లగా నురుగుతుంది, ఎండ పడితే మెరుస్తుంది. నున్నటి రాయి మీద అవే నీళ్లు పారితే తడి మెరుపు తప్ప ఏమీ కనపడదు. శిల్పి ఉలి చేసిందల్లా వేలెడు మందం లేని నీటిని నిండు ప్రవాహంలా చూపించడం.

ఇంకొకటి చీనీఖానా. నీళ్లు తెరలా దూకే చోట ఆ తెర వెనక గోడలో చిన్న చిన్న గూళ్లు వరసగా ఉంటాయి. మన ఇళ్లలో దీపపు గూళ్లున్నట్టే. పగలు వాటిలో పూలు, రాత్రి దీపాలు. నీటితెర వెనక దీపం కదులుతుంటే తెర పలచనిదా మందమైనదా అని ఎవరూ అడగరు. పలచగా ఉంటేనే దీపం బాగా కనిపిస్తుంది కూడా. ఢిల్లీ ఎర్రకోటలోని హయాత్ బక్ష్ తోటలో ఇలాంటి గూళ్లున్న రెండు మంటపాలకి సావన్, భాదోన్ అని పేర్లు పెట్టారు. మన శ్రావణ భాద్రపదాలు. ఏడాది పొడుగునా వాన కోసం చూసే చదును నేలలో, కావలసినప్పుడు తిప్పుకునే రెండు నెలల వాన అన్నమాట.

లాహోరు షాలిమార్ 1641–42లో కట్టింది. కొండ లేదు, నేల చదును. షాజహాన్ మూడు అంతస్తులు లేపించాడు, 410 చిమ్మెనగొట్టాలు పెట్టించాడు. నీళ్ల కోసం రావి నది నుంచి వంద మైళ్ల కాలువ తవ్వించారు. వచ్చిన నీటిని తోటకి పంపడానికి పక్కనే తొట్లు కట్టారు. 1981లో లాహోరు కోటతో కలిపి ఈ తోటని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1999లో పక్క రోడ్డుని వెడల్పు చేయడానికి ఆ తొట్లని కూల్చేశారు. మరుసటి ఏడాది యునెస్కో తోటని ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో పెట్టింది. 2012 దాకా అది ఆ జాబితాలోనే ఉంది.

ఆ కూల్చివేత గురించి చదువుతూ నేను చాలాసేపు ఆగిపోయాను. పాలరాతి గూళ్లని ఎవరూ ముట్టుకోలేదు. పచ్చిక ఉంది, గొట్టాలున్నాయి. పోయింది గోడ బయటి నీళ్ల తొట్లు మాత్రమే. చూడటానికి వచ్చేవాళ్లు ఎవరూ ఫోటో తీసుకోని భాగం. జలపాతంలో పడే సగాన్ని జనం తోట అనుకుంటారు, ఎత్తే సగాన్ని రోడ్డుకి అడ్డం అనుకుంటారు.

లెక్కలేనన్ని నీళ్లు

నీళ్లని పొదుపుగా చూపించే విద్యకి ఎదురు చివర పద్నాలుగో లూయీ ఉన్నాడు. వెర్సాయ్ రాజభవనం ఎత్తు మీద ఉంది, సెయిన్ నది దిగువన. 1680లలో నది ఒడ్డున మార్లీ దగ్గర ఒక యంత్రం కట్టారు. 14 పెద్ద నీటిచక్రాలు, 200కి పైగా పంపులు, నీళ్లని మూడు అంచెల్లో 150 మీటర్లకి పైగా ఎత్తేవి. ఆ చెక్క కడ్డీల మోత చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి నిద్ర లేకుండా చేసేది. అంత చేసినా వెర్సాయ్ చిమ్మెనగొట్టాలన్నీ ఒకేసారి ఆడించడానికి నీళ్లు చాలలేదు. రాజుగారు తోటలో నడుస్తుంటే, పనివాళ్లు ఈలలు వేసుకుంటూ ఆయన రాబోయే చోట తిప్పి, దాటిపోయిన చోట కట్టేసేవారట. ఎంత తోడినా చాలని నీళ్లలో, రాజు కంటికి మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాలి.

మార్లీ రాజభవనంలో కొండవాలున పాలరాతి మెట్ల మీదుగా నీళ్లు దూకే పెద్ద జలపాతం ఒకటి ఉండేది. లూయీ 1715లో పోయాడు. 1728లో దాన్ని తీసేసి గడ్డి పరిచారు. ఖర్చు భరించలేకనే. గడ్డికి వాన చాలు.

ఇంగ్లండులో చాట్స్‌వర్త్ అనే జమీందారీ భవనం వెనక ఉన్న మెట్ల జలపాతం మాత్రం ఇంకా ఉంది. గ్రియే అనే ఫ్రెంచి ఇంజనీరు 1696లో దాన్ని కట్టాడు. కొన్నేళ్లకే ఇంకా పొడుగు చేశారు. కొండ మీది చెరువుల నుంచి నీళ్లు వాటంతటవే దిగుతాయి. ఎవరూ ఎత్తక్కర్లేదు. అక్కడ 24 మెట్ల వరసలున్నాయి, ఏ రెండూ ఒకలా ఉండవు. మెట్టు మారినప్పుడల్లా చప్పుడు మారుతుంది. అంటే ఆ ఇంజనీరు నీళ్లనే కాదు, నీళ్ల గొంతుని కూడా కట్టాడు. మార్లీలో డబ్బు చేయలేని పని ఇక్కడ రాతి అంచు చేసింది.

ఒక రాతి అంచు

పెరటి కొలనుకి నిజంగా పనికొచ్చే పుస్తకం ఇవన్నీ చదివాక దొరికింది. అది తొమ్మిదొందల ఏళ్లకి పైగా పాతది. సకుతేయ్‌కి అని పేరు, తోటలు కట్టడం మీద రాసినది. 11వ శతాబ్దంలో జపాను ఆస్థానానికి చెందిన తచిబానా నో తొషిత్సునా (1028–1094) రాశాడని చెబుతారు. తోటల మీద జపానులో దొరికే గ్రంథాల్లో ఇదే మొదటిది. ఇంగ్లీషు అనువాదంలో చదివాను.

అందులో జలపాతాలు పడే తీరుని బట్టి పేర్లు ఉన్నాయి. రాతిని అంటుకుని జారేది, రాతిని వదిలి దూకేది, ఒక పక్కకి పడేది, రెండు మూడు అంచెల్లో పడేది. వాటిల్లో రెండు మన పనికి ముఖ్యం. ఒకటి నునో-ఓచి, అంటే బట్టలా పడేది. దానికి పైన నీళ్లు నెమ్మదించి నిలిచేలా చేసి, అంచు నున్నగా ఉన్న రాయి మీదుగా దించాలి. రెండోది ఇతో-ఓచి, దారాల్లా పడేది. దానికి అంచు గరుకుగా, పళ్లుపళ్లుగా ఉన్న రాయి కావాలి. అప్పుడు నీళ్లు చీలి దారప్పోగుల్లా వేలాడతాయి. కశ్మీరులో చాదర్ అన్నారు, క్యోటోలో నునో అన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియని రెండు చోట్ల పడే నీళ్లకి బట్ట పేరే పెట్టారు.

ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చిన సంగతి, జలపాతం కట్టడమంటే ముందు రాయి వెతకడం. నీళ్లెన్ని అన్నది తర్వాత. జలపాతాన్ని చంద్రుడికి ఎదురుగా పెట్టమంటాడు, పడే నీళ్లలో వెన్నెల కనిపించాలని. మొఘలులు గూట్లో పెట్టిన దీపాన్ని ఈయన ఆకాశం నుంచి తెచ్చుకున్నాడు.

ఇదే దారిలో ఇంకా ముందుకి వెళితే నీళ్లే లేని జలపాతం వస్తుంది. 1339లో ముసో సొసెకి అనే జెన్ గురువు క్యోటోలోని సాయ్‌హో-జి ఆలయాన్ని పునరుద్ధరించాడు. దాని పై తోటలో పెద్ద బండరాళ్లని మెట్లుగా పేర్చిన జలపాతం ఉంది. అందులో చుక్క నీరు లేదు, నాచు మాత్రం ఉంది. ఆయన పేరు మీదే ఉన్న తెన్ర్యూ-జి తోటలో కొలనుకి ఆవల ఇంకో జలపాతం ఉంది. ఒకప్పుడు అందులో నీళ్లు పడేవంటారు, ఇప్పుడు పడవు. మధ్యలో ఒక రాయి ఎదురీదే చేపలా నిలబడి ఉంటుంది. జలపాతాన్ని ఎక్కగలిగిన చేప డ్రాగన్ అవుతుందని చైనా కథ. నీళ్లు పోయినా చేప ఇంకా ఎక్కుతూనే ఉంది.

మన దగ్గర కథ వేరేలా నడిచింది. తిరుపతిలో కపిలతీర్థం చూడండి. కొండ మీంచి వాననీళ్లు వాటంతటవే దూకుతాయి. కింద మెట్లు కట్టి పుష్కరిణి చేశారు. మనవాళ్లు జలపాతానికి కొలను కట్టారు గానీ కొలనుకి జలపాతం కట్టాలనుకోలేదు. అయితే మనిషి చేత్తో చేసిన అతి చిన్న జలపాతం మన గుళ్లలోనే ఉంది. శివలింగం మీద వేలాడదీసే ధారాపాత్ర. అడుగున చిన్న చిల్లు, ఒకటే దారం. చెంబుడు నీళ్లతో గంట నడుస్తుంది. సకుతేయ్‌కి రాసినాయన చూసి ఉంటే ఇతో-ఓచి అనేవాడు.

పెరట్లోకి ఎలా వచ్చింది

రాజుల తోటల నుంచి జలపాతం మామూలు జనం దగ్గరికి దిగి రావడానికి రెండు వస్తువులు కావలసి వచ్చాయి. ఒకటి నకిలీ రాయి, రెండోది ఊరందరికీ అందే యంత్రశక్తి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో జేమ్స్ పుల్హామ్ కుటుంబం ఇటుక ముక్కల మీద సిమెంటు పూసి, అచ్చం కొండరాయిలా కనిపించేలా చెక్కి అమ్మేది. దాన్ని పుల్హామైట్ అనేవారు. లండన్ బాటర్సీ పార్కులో వాళ్లు కట్టిన రాళ్ల గుట్ట ఇంకా ఉంది. పారిస్‌లో 1867లో తెరిచిన బ్యూట్ షోమాన్ పార్కు ఒకప్పుడు సున్నపురాయి, జిప్సం తవ్విన గని, తర్వాత చెత్త పోసే చోటు. ఆ గనిలోనే 20 మీటర్ల ఎత్తు గుహ తీర్చి, పంపులతో నీళ్లు పైకి ఎక్కించి లోపల జలపాతం దూకించారు. టికెట్టు లేదు. కూలిపనివాళ్ల పేటలో, కూలిపనివాళ్ల కోసం.

20వ శతాబ్దంలో నీళ్లలో ముంచిపెట్టే చిన్న కరెంటు పంపు, నీరు ఇంకనివ్వని ప్లాస్టిక్, రబ్బరు షీట్లు వచ్చాక, పది అడుగుల పెరడున్న ఎవరైనా జలపాతం పెట్టుకోవచ్చు. చేపల తొట్లు అమ్మే ఏ షాపులోనైనా ఆ పంపు దొరుకుతుంది. ఈశాన్య మూల వాస్తు కోసం పెట్టే బల్లమీది ఫౌంటెన్‌లోనూ అదే. దీనితో చరిత్రలో ఎప్పుడూ లేని ఒక మార్పు జరిగింది. షాలిమార్ నీళ్లు వాగు నుంచి వచ్చి సరస్సుకి వెళ్లాయి. చాట్స్‌వర్త్ నీళ్లు కొండ మీంచి వచ్చి లోయలోకి వెళ్లాయి. తోట అనేది నీళ్ల దారిలో ఒక మజిలీ. పెరటి జలపాతానికి రాకా లేదు, పోకా లేదు. అవే వెయ్యి లీటర్లు గంటకి మూడుసార్లు ఎక్కి దిగుతుంటాయి. నాలుగు అడుగుల పొడుగు నది, ఏ తొట్టిలో పుట్టిందో ఆ తొట్టిలోనే కలుస్తుంది.

మా అమ్మ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుంది. ఒకసారి నింపాక జలపాతం నీళ్లు తాగేయదు. పోయేదల్లా ఆవిరి, తుంపర. వేసవిలో రోజుకి సెంటీమీటరు దాకా ఆవిరైతే, రెండు చదరపు మీటర్ల కొలనులో పోయేది 20 లీటర్లు. పెద్ద బిందెడు. జలపాతం లేకపోయినా అది పోతుంది. జలపాతం దాని మీద ఎంత కలుపుతుందన్నది, నీళ్లు ఎంత వెడల్పుగా, ఎంత ఎత్తు నుంచి, ఎంత చిందుతూ పడుతున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అంటే మళ్లీ రాతి అంచు దగ్గరికే వచ్చాం.

పంపు చవకయ్యాక మనం మరిచిపోయింది ఆ రాతి అంచునే. ఇప్పటి సలహాలన్నీ పంపు సైజుతో మొదలవుతాయి. బట్టలా నిండుగా పడాలంటే అంచు వెడల్పులో ప్రతి సెంటీమీటరుకీ గంటకి 150 లీటర్లు కావాలని ఒక ఉజ్జాయింపు లెక్క వాడతారు. 20 సెంటీమీటర్ల అంచుకి 3,000 లీటర్లు. ఇంకా అందం కావాలంటే ఇంకా పెద్ద పంపు. ఇది మార్లీ దారి. అదే అంచుని గరుకు రాయితో, నాలుగు పళ్లతో పెట్టుకుంటే మూడో వంతు నీళ్లు చాలు. నాలుగు దారాలు విడివిడిగా పడతాయి. ఒక్కొక్కటీ ఒక్కో రాయి మీద పడితే ఒక్కో గొంతు. చేపలకి కావలసింది కూడా వెడల్పు తెర కాదు, నీళ్లు గాలితో కలిసి చిట్లడమే. రాయి కింద చెక్కిన పలకని ఏటవాలుగా పెడితే చాదర్ అవుతుంది. చిందేది తక్కువ, నురిగేది ఎక్కువ. కశ్మీరు శిల్పికి, జపాను దొరగారికి, మన ధారాపాత్రకి ఎప్పుడో తెలిసిన విద్య ఇది. నీళ్లు ఎత్తడం కష్టంగా ఉన్న కాలంలో పుట్టిన విద్య, నీళ్లు దొరకడమే కష్టంగా ఉన్న మన నగరాలకి మళ్లీ పనికొస్తోంది.

రెండో సగం జవాబు అంత తేలిక కాదు. 8 వాట్లతో మీటరు ఎక్కే నీళ్లని చూస్తే, అవి కొలనుకి రాకముందు ఎన్ని వందల మీటర్లు ఎక్కి వచ్చాయో గుర్తుకు రావాలి. హైదరాబాదుకి కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకి పైగా గొట్టాల్లో, అంచెలంచెలుగా పంపులతో ఎక్కి వస్తాయి. గోల్కొండలో ఎడ్లు చేసిన పనే, మోటార్ల రూపంలో. మా వీధి ట్యాంకరు ఆ ఎత్తుడులో చివరి అంచె. కాబట్టి ట్యాంకరు నీళ్లతో కొలను నింపకూడదని మా ఇంట్లో తీర్మానమైంది. జూన్, జూలైలో మేడ మీది వాననీళ్లని తొట్టిలోకి మళ్లించి నింపడం, వేసవి ముదిరి కొలను సగానికి తగ్గితే పగలు పంపు కట్టేసి, చేపల కోసం రాత్రి పూట మాత్రం నడపడం. పంపు ఆగినప్పుడు అక్కడ మిగిలేది ఒక గరుకు రాయి, దాని కింద తడి మరక.

అది కూడా జలపాతమే అంటాడు ముసో సొసెకి. మా అమ్మ ఇంకా అనలేదు.